సమాధి రాయి చెక్కించినం: పని మంచిగుంది, టైమే లేటు

మా నాయిన సమాధికి నల్ల గ్రానైట్ రాయి కోసం నల్గొండల ఒక షాపుల ఆర్డర్ ఇచ్చినం. పాలిష్ మస్తుంది, అద్దంలెక్క మొఖం కనవడ్తది, అక్షరాలు లోతుగ చెక్కి బంగారు రంగు నింపిన్రు. కానీ బైబిల్ల ‘మా దినాలు లెక్కపెట్టుకునుడు మాకు నేర్పు’ అనే వచనం, కీర్తనలు 90:12 అని రాసిస్తే 90:21 అని చెక్కిన్రు, ఆ అధ్యాయంల 17 వచనాలే ఉన్నయ్ అన్నా అంటే షాపాయన పైసలు తీసుకోకుండనే మొత్తం అరగదీసి మళ్ల చెక్కిచ్చిండు, గానీ చెప్పిన రోజుకి మాత్రం ఇయ్యలే.

అక్షరానికి ఇంత అని రేటు, అందుకే పేరు కింద ఏం రాయాలె అని అడిగిన్రు, అమ్మ నౌకరీ గివకరీ ఏమొద్దంది. మా నాయిన ఆ వచనం ఊకె చదివి ఇడిసిపెట్టేటోడు కాదు, దినాలు లెక్కపెట్టుకోని బతికిండు, చేబదుల్ల నోటుబుక్కుల అన్నీ కొట్టేసి ఉన్నయ్, పాలోళ్లతోని సహా. మాట పడ్డ తమ్ముని ఇంటికి తనే పొయ్యి మాట్లాడొచ్చిండు, రేపు చూద్దాంలే అంటే యాకోబు పత్రిక 4:14 తీసేటోడు, బతుకు ఆవిరిరా అని. మాకప్పుడు చాదస్తమనిపించేది.

రేటు ఓకే. చెక్కకముందే కాయితం మీద రాపిచ్చి, వచనం నంబర్ బైబిల్‌తోని సరిచూసి ఓకే చెప్పున్రి.