జాగ్రత్త: ‘సీల్డ్ బాక్స్, కొత్త స్టాక్’ అని నాకు అంటగట్టిన చేతి జీపీఎస్ కథ

అడవి పనికో, ట్రెక్కింగ్‌కో ఆన్‌లైన్‌లో చేతి జీపీఎస్ కొనబోతున్నవాళ్లు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. "సీల్డ్ బాక్స్, కొత్త స్టాక్, నావిక్ (మన దేశపు సొంత జీపీఎస్ లాంటి వ్యవస్థ) సపోర్ట్" అని రాసి, మిగతా చోట్ల కన్నా ఏడెనిమిది వేలు తక్కువకు ఇస్తున్నారంటే మరీ జాగ్రత్త. నేను అలాంటిదే 21,500 రూపాయలు పెట్టి కొన్నాను. అది కొత్తది కాదు. ఎవరో ఏళ్ల తరబడి వాడినది. ఆ సంగతి తెలిసేసరికి నేను అమ్రాబాద్ అడవిలో ఉన్నాను.

మా పని మొక్కల సర్వే. అటవీశాఖ అనుమతి తీసుకుని, మన్ననూరు నుంచి లోపలికి వెళ్లి, ఎంచుకున్న చోట ప్లాటు వేసి, అందులోని చెట్లన్నీ లెక్కపెట్టి, చుట్టుకొలతలు రాసుకుని, నడుమనున్న చెట్టు దగ్గర నిలబడి లొకేషన్ తీసుకుంటాం. వచ్చే ఏడాది మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. చెట్టు ఎంత పెరిగింది, కింద మొలకలు నిలిచాయా, వేసవి మంటలకు పోయాయా అన్నదంతా ఆ ఒక్క లొకేషన్ మీదే ఆధారపడి ఉంటుంది. ఫోన్‌లో జీపీఎస్ ఉంది కదా అంటారు. ఉంది, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది కూడా. కానీ రోజంతా స్క్రీన్ వెలుగుతూ ఉంటే సాయంత్రానికి చార్జింగ్ మిగలదు, చెమట చేతులకు టచ్ సరిగా పలకదు. పెన్సిల్ సెల్స్ వేసుకుని బటన్లతో నడిపే పరికరం కావాలనే కొన్నాను.

డిసెంబర్‌లో పెట్టె వచ్చింది. ఇంట్లో ఆన్ చేశాను, వెలిగింది, మళ్లీ పెట్టెలో పెట్టేశాను. అక్కడే పొరపాటు చేశాను. ఏడు రోజుల వాపసు గడువు అలా అయిపోయింది.

2025 జనవరి 21, మంగళవారం. మొదటి ప్లాటు. ఒక నల్లమద్ది మొదట్లో నిలబడి వేపాయింట్ (ఆ చోటి గుర్తు) సేవ్ చేశాను. పేరు కింద తేదీ చూస్తే 07 జూన్ 2005 అని ఉంది. టైమ్ మాత్రం సరిగ్గానే ఉంది, పదీ నలభై. వారం కూడా మంగళవారమే. సెట్టింగుల్లోకి వెళ్లి మారుద్దామంటే అక్కడ తేదీ మార్చే వీలే లేదు, ఎందుకంటే అది శాటిలైట్ల నుంచి తనంతట తనే తీసుకుంటుంది.

ఇది ఎందుకు జరుగుతుందో తర్వాత అర్థమైంది. జీపీఎస్ శాటిలైట్లు తేదీని వారాల లెక్కలో పంపుతాయి. ఆ లెక్క 1023 దాటగానే మళ్లీ సున్నాకి వస్తుంది. అంటే 1024 వారాలకు, సుమారు 19.6 ఏళ్లకు ఒకసారి లెక్క మొదటికొస్తుంది. చివరిసారి 2019 ఏప్రిల్ 6 రాత్రి అలా జరిగింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న పరికరం దాన్ని సర్దుకుంటుంది. పాతది సర్దుకోలేక 1999కి వెనక్కి పోయి అక్కడి నుంచి లెక్కపెడుతూ వస్తుంది. 2025 జనవరి 21 నుంచి సరిగ్గా 1024 వారాలు వెనక్కి వెళ్తే వచ్చేది 2005 జూన్ 7. పూర్తి వారాలే వెనక్కి జరుగుతుంది కాబట్టి వారం పేరు మారదు. అందుకే ఇంట్లో చూసినప్పుడు నా కంటికి ఆనలేదు. నా పరికరానికి కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం ఎప్పుడో ఆపేసింది. దాన్నే "కొత్త స్టాక్" అని అమ్మారు.

తేదీ తప్పయితే లొకేషన్‌కేం అవుతుందని మీరు అడగొచ్చు. లొకేషన్ బాగానే వస్తుంది. కానీ తీసిన ఫొటోలను టైమ్ చూసి ట్రాక్‌తో (పరికరం రికార్డు చేసిన మన నడక దారితో) జతచేసే సాఫ్ట్‌వేర్‌కి ఒక్క ఫొటో కూడా దొరకలేదు. కెమెరా 2025 అంటుంది, ట్రాక్ 2005 అంటుంది. మూడు రోజుల్లో తీసిన ఆరు వందల పైచిలుకు ఫొటోలను చేత్తో కూర్చాల్సి వచ్చింది.

అసలు నష్టం రెండో రోజు బయటపడింది. నేను నోటుపుస్తకంలో రాసిచ్చిన అంకెలు పట్టుకుని మా బృందంలోని ఇద్దరు ఫోన్ సాయంతో మొదటి ప్లాటుకి మళ్లీ వెళ్లారు. గంటన్నర వెతికినా గుర్తు కట్టిన చెట్టు కనబడలేదు. నేను ఎక్కడ తప్పు రాశానో అని నాకు ఒకటే టెన్షన్. రాత్రి ఫైలు కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే ఫైలులో ఒక చోటు, నా పుస్తకంలో ఇంకో చోటు! రెంటికీ మధ్య నూరు మీటర్లకు పైనే తేడా. చివరికి సెట్టింగుల్లో దొరికింది: డేటమ్ దగ్గర, అంటే లొకేషన్ అంకెలు ఏ కొలత లెక్కలో చూపాలో చెప్పే చోట, ‘ఇండియా-నేపాల్’ అని ఉంది. కొత్త పరికరం జీపీఎస్ సొంత లెక్క ‘డబ్ల్యూజీఎస్ 84’తో వస్తుంది. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (మ్యాపులు) ‘ఎవరెస్ట్’ అనే పాత లెక్క మీద గీసినవి, ‘ఇండియా-నేపాల్’ కూడా ఆ లెక్కదే కాబట్టి, ఆ షీట్లు పట్టుకుని తిరిగేవాళ్లు పరికరాన్ని దానికి తగ్గట్టు మార్చుకుంటారు. పరికరం లోపల అసలు లొకేషన్‌ను సరిగ్గానే దాచుకుంటుంది, తెర మీద చూపే అంకెలే మారతాయి. నేను తెర చూసి రాసుకున్నాను, అందుకే పుస్తకమంతా తప్పు. రోడ్డు మీద నూరు మీటర్లంటే ఏమీ కాదు. ఆకు దట్టంగా ఉన్న చోట, పది అడుగుల అవతల మనిషి కనబడని చోట, అది ఇంకో లోయ కింద లెక్క.

మూడో రోజు సాయంత్రం తిరిగి వస్తుండగా రాళ్ల మీద కాలు జారి చేతిలోని పరికరం కొంచెం కుదుపుకు లోనైంది, అంతే, ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే రెండు నిమిషాలకు మళ్లీ ఆరిపోయింది. సెల్స్ కొత్తవే. మూత తీసి టార్చి వేసి చూస్తే స్ప్రింగు అడుగున పచ్చటి చిలుము, దాన్ని గీకిన గీతలు, పక్కన ప్లాస్టిక్ మీద తెల్లటి మరక. ఎప్పుడో లోపల సెల్ కారింది, తుడిచి అమ్మేశారు. పొద్దు వాలిపోతోంది, ఉన్నది పులుల అడవి. మాతో వచ్చిన చెంచు తాత నా చేతిలోది ఒకసారి చూసి, "ఆ డబ్బతో పనేంది బిడ్డా, ఆ బండ దాటినంక ఎడమకు తిరిగితే పెంట వస్తది" అని ముందు నడిచాడు. ఏడింటికల్లా పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఉన్నాం. ఆయన లేకపోయుంటే ఆ రాత్రి ఎలా గడిచేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇంటికొచ్చాక అన్నీ పక్కన పెట్టుకుని చూశాను. పెట్టె మీద సీరియల్ నంబరు ఒకటి, పరికరం ‘అబౌట్’ పేజీలో నంబరు ఇంకొకటి. నావిక్ అన్నది పచ్చి అబద్ధం. నావిక్ శాటిలైట్లు మొదటి నుంచీ ఎల్5, ఎస్ బ్యాండ్ల మీదే సిగ్నల్ పంపేవి. మామూలు జీపీఎస్ వాడే ఎల్1 మీద కూడా పంపడం 2023 మే 29న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎన్‌వీఎస్-01 శాటిలైట్‌తోనే మొదలైంది. ఒక్క ఎల్1 మాత్రమే అందుకునే పాత పరికరం ఆ ముందరి శాటిలైట్లను ఎలా పట్టుకుంటుంది?

అమ్మినవాళ్లకు ఫొటోలన్నీ పంపాను. "ఓపెన్ చేసిన వస్తువు వాపసు తీసుకోం మేడమ్, గడువు అయిపోయింది" అన్నారు. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు ఆ నంబరుకు మన దేశంలో వారంటీ లేదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, అది నడుస్తోంది. మీకూ ఇలా జరిగితే ఒక మాట గుర్తుంచుకోండి: 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదు అందిందని ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా రాతపూర్వకంగా పంపండి. లోపం గడువు దాటాక బయటపడ్డా సరే, కొత్తదని చెప్పి పాతది అమ్మడం మోసమే కదా. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు.

ఇప్పుడు కొనేవాళ్లు చేయాల్సింది. పెట్టె విప్పేటప్పుడే ఆగకుండా వీడియో తీయండి. అదే రోజు మేడ మీదికో మైదానానికో తీసుకెళ్లి ఆకాశం కింద పావుగంట ఉంచండి. తేదీలో సంవత్సరం చూడండి. ‘అబౌట్’ పేజీలో సీరియల్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ చూసి, నంబరును కంపెనీ సైట్‌లో రిజిస్టర్ చేసి చూడండి. అప్పటికే ఎవరి పేరు మీదో ఉంటే అక్కడే దొరుకుతుంది. శాటిలైట్ పేజీలో 1 నుంచి 32 దాకా జీపీఎస్‌వి. చాలా పరికరాల్లో జీపీఎస్ లెక్కను సరిదిద్దే మన గగన్ శాటిలైట్లు 40, 41 నంబర్లతో కనబడతాయి. డేటమ్ ‘డబ్ల్యూజీఎస్ 84’ ఉందో లేదో చూసి, అదే చోట ఫోన్ చూపే అంకెలతో పోల్చండి. యూటీఎం (లొకేషన్‌ను డిగ్రీల్లో కాక మీటర్లలో చెప్పే పద్ధతి) వాడేవాళ్లు జోన్ కూడా చూసుకోవాలి: 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి తూర్పున 44, పడమర 43. కర్నూలు దాదాపు ఆ గీత మీదే ఉంది, నల్లమల అంతా 44లోకి వస్తుంది, అనంతపురం 43లోకి. సెల్స్ మూత తీసి స్ప్రింగులు వేలితో తడిమి చూడండి. ఆన్‌లో ఉంచి అరచేతి మీద గట్టిగా తట్టండి, ఆరిపోతే వెంటనే వాపసు పెట్టండి.

ఇంకొక్క సంగతి, ఇది డబ్బుకు మించినది. "అమెరికా నుంచి మా తమ్ముడు తెస్తాడు" అని చాలామంది అంటుంటారు. శాటిలైట్ నుంచి తీసుకోవడమే కాదు, శాటిలైట్‌కి మెసేజ్ పంపే పరికరాలు కూడా అచ్చం చేతి జీపీఎస్‌లాగే ఉంటాయి, ఆపదలో సాయం కోరే ఎస్ఓఎస్ బటన్ ఉంటుంది. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి దగ్గర పెట్టుకుంటే కేసు అవుతుంది. 2024 డిసెంబర్‌లో కూడా గోవా విమానాశ్రయంలో అలాంటి పరికరంతో వచ్చిన విదేశీ యాత్రికురాలిని ఆపేశారు. మనవాళ్ల చేత తెప్పించేటప్పుడు అందుకోవడం మాత్రమే చేసే మోడలేనా అని తప్పకుండా కనుక్కోండి.

నా పరికరంలో పాత ట్రాకుల ఫోల్డర్ ఒకటి చెరపకుండా మిగిలిపోయింది. అందులో 2016 జూన్‌లో హిమాచల్‌లో జోబ్రా నుంచి హంప్తా కనుమ మీదుగా ఛత్రు దాకా నడిచిన దారి ఉంది, నాలుగు రోజులది. దాన్ని కాపీ తీసి భద్రంగా ఉంచాను. ఆ నడక మీదైతే, ఆ పరికరాన్ని మీరు అమ్మారో, ఎక్కడైనా పోగొట్టుకున్నారో, దయచేసి నాకు చెప్పండి. మీ ట్రాక్ మీకు పంపిస్తాను, మీరు చెప్పే మాట నా ఫిర్యాదుకు సాక్ష్యమవుతుంది.