మిగిలిన పిండికి ఏడు గుంతలు: పోత ఇనుప పొంగణాల పెనం

వారం చివరికి ఫ్రిజ్‌లో పిండి గిన్నె అడుగున మూడు నాలుగు గరిటెల దోసెల పిండి మిగులుతుంది. దోసె పోద్దామంటే పులుపెక్కింది, ఇడ్లీ వేద్దామంటే చాలదు. చివరికి నీళ్లు పోసి సింకులో ఒంపేస్తాం. చెత్తబుట్టలో పడిన అన్నం కంటికి కనబడుతుంది గానీ, సింకులో పోయిన పిండి ఎవరి లెక్కలోకీ రాదు. తొక్కలూ గింజలూ కలుపుకొని మన దేశపు ఇళ్లలో తలకు ఏడాదికి 55 కిలోల తిండి వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో అంచనా వేసింది. ఆ వృథాలో మన వంటింటి వాటా తగ్గించుకోవడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. రాయలసీమ ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న గుంత పొంగణాల పెనం చాలు. పోత ఇనుముతో చేసిన ఏడు గుంతల రకాన్ని ఆ పనికి ఎంతవరకు నమ్మొచ్చో ఇక్కడ చూద్దాం.

ముందు ఈ పెనం మిగుళ్లకు ఎందుకు నప్పుతుందో చెప్పాలి. దోసె పిండి పలచగా పరుచుకోవాలి, ఒకే పొరగా కాలాలి, చిరగకుండా పెనం వదలాలి. అందులో అన్నం మెతుకు పడితే అక్కడే చిరుగుతుంది. ఇడ్లీ పిండికి పొంగే సత్తువ ఉండాలి. నాలుగైదు రోజులు దాటాక ఆ సత్తువ తగ్గి ఇడ్లీ గట్టిబడుతుంది. గుంతలో ఈ రెండు ఇబ్బందులూ లేవు. పిండి చుట్టూ ఇనుప గోడ ఉంటుంది, పట్టి ఉంచే పని అదే చేస్తుంది. అందుకే మెతుకులు, చిదిపిన ఇడ్లీ, నిన్నటి క్యాబేజీ వేపుడు ఏది కలిపినా విడిపోకుండా గుండ్రటి ఉండలా దిగుతుంది. పైగా కప్పు పిండి మిగిలినా రెండు మూడు వాయిలు వస్తాయి. కాస్తే ఉంది కదా అని పారేసే అవసరం రాదు.

దుకాణంలో నాన్‌స్టిక్, పోత ఇనుము, రాతి పెనాలు మూడూ కనబడతాయి. నాన్‌స్టిక్ తేలిక, చవక, మొదటి రోజు నుంచే అంటుకోదు. కానీ పొంగణాలను తిప్పాలంటే ప్రతి గుంత అంచులోకి పుల్ల దూర్చాలి. ఇనుప పుల్ల వాడితే పూత గీసుకుపోతుంది, అది పోయాక ఆ గుంతలో ఏం వేసినా పట్టేస్తుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద మరిచిపోతే 260 డిగ్రీలు దాటాక ఆ పూతే చెడిపోయి పొగలు వదులుతుంది. రాతి పెనం సెగను బాగా నిలుపుకుంటుంది గానీ తొందరపడితే పగులుతుంది. రోజువారీ మిగుళ్లకు అంత ఓపిక అందరికీ ఉండదు. పోత ఇనుము బరువు, చవకరకం నాన్‌స్టిక్ కంటే ధర కూడా ఎక్కువే. అయినా నూనె రాసి కాల్చగా దీని మీద ఏర్పడే నల్లటి పూత పాడైతే ఇంట్లోనే మళ్లీ తెచ్చుకోవచ్చు. మా ఓటు దీనికే.

పన్నెండు గుంతలది కొంటే పని త్వరగా అవుతుందనుకుంటారు. ఇంటి గ్యాసు పొయ్యి మీద అలా జరగదు. ఇనుములో వేడి అల్యూమినియంలో పాకినంత త్వరగా పాకదు. మంట తగిలిన చోటే కాగుతుంది. బర్నరు కంటే పెనం బాగా వెడల్పైతే నడిమి గుంతలు మాడుతుండగా అంచు గుంతల్లో పిండి ఇంకా పచ్చిగా ఉంటుంది. ఏడు గుంతల దానిలో నడుమ ఒకటి, చుట్టూ ఆరు ఉంటాయి కాబట్టి మంట వాటికి దాదాపు సరిపోతుంది. అందులోనూ నడిమిది ముందే కాగుతుంది. అందుకే పిండి చుట్టూ ఉన్న ఆరింటిలో ముందు వేసి, నడిమి దాంట్లో చివర వేయాలి. తీసేటప్పుడు ముందు నడిమిదే తీయాలి. ఈ చిన్న సంగతి తెలియకే చాలామంది పెనం మంచిది కాదని పక్కన పెట్టేస్తారు.

కొన్న రోజే పిండి వేయకండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెనానికి తుప్పు పట్టకుండా నూనెనో మైనమో పూసి ఉండొచ్చు. వేడినీళ్లు, సబ్బుతో ఒకసారి గట్టిగా తోమి, రెండు రోజులు గంజిలోనో బియ్యం కడుగులోనో నానబెట్టాలి. రోజూ పాతది ఒంపి కొత్తది పోయాలి. తర్వాత కడిగి పొయ్యి మీద పూర్తిగా ఆరనిచ్చి, ప్రతి గుంతకూ నువ్వుల నూనె రాసి, రాసిన నూనెంతా తుడిచేసినట్టే మసిగుడ్డతో తుడవాలి. నిలిచిన నూనె గట్టిపడక జిగురుగా మారుతుంది, తర్వాత వాయిలన్నీ దానికే అంటుకుంటాయి. పొగ వచ్చి తగ్గేదాకా కాల్చి, చల్లారనిచ్చి, ఇలా మూడు సార్లు చేయాలి. చివరగా సగం కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి నూనెలో ముంచి గుంతల్లో రుద్దాలి. ఉల్లిపాయ నల్లబడకుండా ఎర్రగా వేగితే పెనం సిద్ధమైనట్టే.

ఇక పులిసిన పిండి. రెండు కప్పుల పిండికి ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిర్చి, అంగుళం అల్లం ముక్క సన్నగా తరిగి వేసి, అర చెంచా జీలకర్ర, నాలుగు రెబ్బల కరివేపాకు కలపాలి. పులుపు ఎక్కువైతే రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి, అది కలవడానికి చాలినన్ని నీళ్లు పోయాలి. కొత్త పిండి చేరితే పులుపు పలచబడుతుంది, పైపొర కరకరలాడుతుంది. వంటసోడా కూడా పులుపును విరుస్తుంది గానీ రెండు కప్పులకు చిటికెడు మించొద్దు. మించితే సబ్బు రుచి వస్తుంది, పొంగణం మీద ఎర్రటి మచ్చలు పడతాయి. పిండిలో ఉప్పు ముందే ఉంటుంది, రుచి చూశాకే కలపండి. శనగపప్పు పడాలంటే అరగంట నానబెట్టాల్సిందే, ఈ కొద్దిపాటి సేపట్లో పచ్చిపప్పు ఉడకదు.

పిండి గరిటజారుగా ఉండాలి. నీళ్లలా ఉంటే రెండు చెంచాల బొంబాయి రవ్వ కలిపి పావుగంట వదిలేస్తే రవ్వ నీరు పీల్చుకొని సర్దుకుంటుంది. పెనాన్ని సన్న సెగ మీద ఐదు నిమిషాలు కాగనివ్వాలి. పెద్ద మంట పెట్టి రెండు నిమిషాల్లో కాచేస్తే అడుగు మాత్రమే కాగి గోడలు చల్లగా ఉండిపోతాయి, పొంగణం పక్కలు అక్కడే పట్టుకుంటాయి. గుంతకు పావు చెంచా నూనె వేసి, చుక్క పిండి వేసి చూడండి. వెంటనే చిటపటమంటే సరైన వేడి. ముప్పావు వంతుకే నింపాలి, పొంగితే అంచు మీద పడి రెండు పొంగణాలు అతుక్కుంటాయి. మూతపెట్టి మూడు నిమిషాలు, తిప్పి మూత లేకుండా రెండు నిమిషాలు. అంచు చుట్టూ సన్నగా ఎర్రబడి, పుల్ల పెట్టగానే గుంతలో కదిలితేనే తిప్పాలి. కదలకపోతే అది ఇంకా కాలలేదని, బలవంతం చేయకుండా అర నిమిషం ఆగండి. నాలుగున్నర సెంటీమీటర్ల గుంతల పెనంలో రెండు కప్పుల పిండికి దాదాపు ఐదు వాయిలు, అంటే అరగంట పని. ఆరేడుగురున్న ఇంట్లో పొద్దుటి హడావిడికి ఇది చాలదు, సాయంత్రం పలహారానికి బాగుంటుంది.

మిగిలిన అన్నానికి కాస్త జాగ్రత్త కావాలి, రుచికే కాదు, ఆరోగ్యానికి కూడా. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గిన్నెలో గోరువెచ్చగా గంటలకొద్దీ ఉన్న అన్నంలో అవి పెరిగి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పొంగణం ఎంత ఎర్రగా కాలినా రాత్రంతా బయటున్న అన్నాన్ని అది బాగుచేయదు. నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టే చద్దన్నం దారి వేరు, మూతపెట్టి మరిచిపోయిన పొడి అన్నం దారి వేరు. వండిన రెండు గంటల్లోపే అన్నాన్ని పళ్లెంలో పరిచి ఆవిరి పోనిచ్చి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికి వాడేయండి.

ఆ అన్నం ఒక కప్పుకు అర కప్పు పుల్లపెరుగు, అర కప్పు బొంబాయి రవ్వ కలిపి పావుగంట ఉంచి, రెండు చెంచాల బియ్యప్పిండి, తరుగు, ఉప్పు వేస్తే మూడు వాయిల పొంగణాలు వస్తాయి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు మిక్సీ. ఉడికిన అన్నాన్ని మెత్తగా తిప్పితే గంజి బయటికొచ్చి జిగురవుతుంది. పైన ఎర్రగా ఉన్నా లోపల బంకలా సాగుతుంది, ఇంకెంతసేపు కాల్చినా మారదు. పప్పుగుత్తితో మెదిపితే సరిపోతుంది. సగం మెతుకులు మెతుకుల్లా కనబడాలి.

ఇడ్లీలు ఫ్రిజ్‌లో గట్టిపడితే చేత్తో పొడి చేసి, నాలుగింటికి రెండు చెంచాల శనగపిండి, పావు కప్పు నీళ్లు కలపండి. ఉప్మాకు కప్పుకు రెండు చెంచాల బియ్యప్పిండి, రెండు చెంచాల పెరుగు చాలు. అందులో నూనె ముందే ఉంది, గుంతకు నాలుగు చుక్కలే వేయండి. ముద్దపప్పు, పాలకూర పప్పు కప్పు పిండికి పావు కప్పు దాకా కలుస్తాయి, అయితే పప్పు చేరితే అడుగు తొందరగా మాడుతుంది, సెగ ఇంకాస్త తగ్గించాలి. దొండకాయ, బీన్సు వేపుళ్లను సగం పిండి పోశాక నడుమ చెంచాడు పెట్టి, పైన మళ్లీ పిండి పోస్తే కూర బయటపడదు. పులుసు కూరలు మాత్రం వద్దు. రసం కిందికి దిగి గుంతకు పట్టేస్తుంది, చింతపండు పులుపు పెనం మీది నల్లటి పొరనూ తినేస్తుంది. ముగ్గిన అరటిపండ్లు రెండు, కప్పు గోధుమపిండి, అర కప్పు బెల్లం తురుము, యాలకుల పొడితో తీపి పొంగణాలు చేస్తే చివరి వాయిలుగానే వేయండి. బెల్లం పాకంలా అంటుకుంటుంది, సగానికే నింపాలి.

పక్కన నంజుకోవడానికి బీరకాయ తొక్కు పచ్చడి ఉంటే బాగుంటుంది. రెండు కాయల చెక్కు, నాలుగు పచ్చిమిర్చి, నిమ్మకాయంత చింతపండులో పావు వంతు, చెంచా నువ్వులు వేయించి రుబ్బితే సరి. ఈ పెనం ఉన్న ఇంట్లో ఆ తొక్కు కూడా చెత్తలోకి పోదు.

ఇది కాపాడలేనివీ ఉన్నాయి. పిండి మీద గులాబీ, నారింజ, నలుపు రంగు మచ్చలు కనబడినా, పులుపు పోయి కుళ్లు వాసన వచ్చినా పై పొర తీసేసి వాడే ఆలోచన వద్దు, మొత్తం పారేయండి. బూజు వేళ్లు కంటికి కనబడనంత లోపలికి పోతాయి. అలా పోకుండా ఉండాలంటే మొదటి రోజే పిండిని రెండు డబ్బాలుగా విడదీసి, ఒకటి వాడుతూ రెండోదాన్ని తెరవకుండా ఫ్రిజ్ వెనక అరలో ఉంచాలి. తడి గరిటె పెట్టొద్దు. చలి పులుపును నెమ్మదింపజేస్తుంది, ఆపదు.

పని అయ్యాక పెనం గోరువెచ్చగా ఉండగానే వేడినీళ్లు, కొబ్బరి పీచుతో కడగాలి. మాడిన ముక్క ఉంటే రాళ్లుప్పు వేసి రుద్దండి. స్టీలు పీచు వాడితే కష్టపడి తెచ్చుకున్న పొర లేచిపోతుంది. రాత్రంతా సింకులో నీళ్లతో ఉంచితే పొద్దున్నే తుప్పు కనబడుతుంది. కోస్తా తేమలో గుడ్డతో తుడిస్తే చాలదు, పొయ్యి మీద రెండు నిమిషాలు ఆరబెట్టి గుంతకు చుక్క నూనె రాసి కాగితం చుట్టి పెట్టాలి. నెలల తరబడి వాడకపోతే ఆ నూనెకే కమురు వాసన వస్తుంది, అప్పుడు కడిగి మళ్లీ ఒక విడత కాల్చండి.

కొనేటప్పుడు గుంతల్లో వేలు పెట్టి తడమండి. గరుకు కొంచెం ఉన్నా ఫర్లేదు, వాడేకొద్దీ నునుపవుతుంది. గుచ్చుకునే బుడిపెలు, సన్న రంధ్రాలు ఉంటే వదిలేయండి, ఏ పూతా అక్కడ నిలవదు. వెనక్కి తిప్పి చూడండి. గుంతల అడుగులు కిందికి పొడుచుకొస్తే అది గ్యాసు పొయ్యికే. ఇండక్షన్ మీద చదునుగా ఆనక సరిగా కాగదు, గాజు పలక గీసుకుపోతుంది కూడా. మీది ఇండక్షన్ అయితే అడుగు చదునుగా ఉన్నది అడిగి తీసుకోండి. మూత విడిగా అమ్ముతారు. ఇంట్లో ఉన్న లోతైన స్టీలు మూత అంచుదాకా సరిపోతే వేరే కొనక్కర్లేదు. పిడులు కూడా ఇనుమే కాబట్టి పెనంతో పాటే కాలుతాయి, రెండు మందపాటి మసిగుడ్డలు పొయ్యి పక్కనే పెట్టుకోండి.