పేషెంట్ల మ్యాపా, దోమల మ్యాపా, కంప్యూటర్ అంచనానా: చెన్నైకి ఏది మేలు?

మలేరియా, బోదకాలు లాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాప్ గీయడానికి మూడు దారులున్నాయి, జబ్బు వచ్చినవాళ్ళని చుక్కలుగా పెట్టడం, దోమలు పుట్టే చోట్లు వెతికి గుర్తు పెట్టడం, ఎండావానల లెక్కలు శాటిలైట్ నుంచి తీసుకుని కంప్యూటర్‌తో అంచనా వేయించడం. చెన్నైలో ఉండేవాళ్ళకి మాత్రం ముందు దోమల మ్యాపే కావాలంటాను.

పేషెంట్ల మ్యాప్ గట్టి సాక్ష్యంలా కనిపిస్తుంది, రక్తపరీక్షలో తేలిన కేసులే కదా. కానీ ఆ చుక్క పేషెంట్ అడ్రస్ చెప్తుంది గానీ దోమ ఎక్కడ కుట్టిందో చెప్పదు. మలేరియాలో కుట్టాక జ్వరం రావడానికే పది రోజులో రెండు వారాలో పడుతుంది, పైగా ఇక్కడ ఎక్కువగా ఉండే వైవాక్స్ రకం మలేరియా క్రిమి లివర్‌లో దాక్కుని నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి చెన్నై ఓఎంఆర్ రోడ్డులో బిల్డింగ్ పని దగ్గరే షెడ్డులో పడుకునే మనిషికి జ్వరమొస్తే చుక్క ఊళ్ళో పెట్టాలా సైట్‌లో పెట్టాలా? బోదకాలైతే మరీ కష్టం, కాలు వాచేసరికి ఆ క్రిమి ఒంట్లో చేరి ఏళ్ళు గడిచిపోయుంటాయి, అందుకే రాత్రిపూట రక్తం తీసి చూసే సర్వేలు చేస్తారు, పిల్ల క్రిములు రక్తంలో తిరిగేది ఎక్కువగా రాత్రే.

దోమల మ్యాప్‌తో వెంటనే పని మొదలుపెట్టొచ్చు. సిటీలో మలేరియా తెచ్చే అనాఫిలిస్ స్టెఫెన్సై అనే దోమ ఎక్కువగా మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది, మూత సరిగా లేని ఓవర్‌హెడ్ ట్యాంక్, బావి, సంప్, కొత్త కాంక్రీట్ క్యూరింగ్‌కి నిలబెట్టిన నీళ్ళు. చోటు తెలిస్తే మూత బిగించొచ్చు, బావిలో దోమపిల్లల్ని తినే గాంబూసియా చేపలు వదలొచ్చు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమది మురుగునీరు, కాబట్టి కాలవల్లో ఎంత మందు కొట్టినా మేడమీద ట్యాంకులో దోమకి ఏమీ కాదు, రెండిటికీ వేరే వేరే మ్యాపులు ఉండాల్సిందే. అన్నట్టు వెతకని చోటు కూడా మ్యాప్‌లో ఖాళీగానే ఉంటుంది, అక్కడ దోమల్లేవని కాదు, ఎవరూ మేడ ఎక్కి చూడలేదని.

అలాగని దోమో ఈగో ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కాలా అజార్ అనే జ్వరం జబ్బుని తెచ్చే సాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ దక్షిణాదిలోనూ ఉంది, కానీ కేసులు ఎక్కువగా బీహార్, జార్ఖండ్ వైపే. ఆ జబ్బు కలిగించే పరాన్నజీవిని డోనోవన్ అనే డాక్టర్ 1903లో చూసింది మన మద్రాసు జనరల్ హాస్పిటల్‌లోనే!

కంప్యూటర్ అంచనాలు దేశాల స్థాయిలో బాగా పనికొస్తాయి. ఈ స్టెఫెన్సై 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో బయటపడింది, అక్కణ్ణుంచి పాకితే అక్కడి నగరాల్లో 12.6 కోట్ల మందికి ముప్పని 2020లో ఒక అంచనా వేశారు, ఎక్కడ ముందు వెతకాలో అలాంటి లెక్కే చెప్పాలి. మన వీధికి మాత్రం అది చాలదు. 2019లో చెన్నైలో నీళ్ళకి ఎంత కరువొచ్చిందో గుర్తుందిగా, పైనుంచి చూస్తే అంతా ఎండిపోయి ఉంది, కింద ఇంటింటా డ్రమ్ముల్లో నీళ్ళు పట్టి పెట్టుకున్నాం, దోమకి కావాల్సింది అవే.

ల్యాబ్‌లో మలేరియా తేలిన ప్రతి ఒక్కరినీ అడ్రస్‌తో పాటు గత నెల రోజులు రాత్రుళ్ళు ఎక్కడ పడుకున్నారని అడిగి రాస్తే పేషెంట్ల మ్యాప్ కూడా చాలా బాగుపడుతుంది. ఈలోపు మీ అపార్ట్‌మెంట్‌లో మేడ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని, కార్పొరేషన్ వాళ్ళు ట్యాంక్ చూస్తామని వస్తే వెంటనే తీసేలా చూడండి, ప్లీజ్.