ఇంటి ఈత కొలను నీటి పరీక్షకు ఏది మేలు: స్ట్రిప్పులా, చుక్కల కిట్టా?

ఇంటి ఆవరణలోని ఈత కొలనులో ఫ్రీ క్లోరిన్ (క్రిములను చంపడానికి మిగిలి ఉన్న క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) వరకు, ఆమ్ల క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 వరకు ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. దానిని ఇంట్లోనే కొలుచుకోవడానికి రంగు మారే స్ట్రిప్పులు, చుక్కల మందు కిట్లు, డిజిటల్ పెన్నులు దొరుకుతున్నాయి. వీటిలో టీడీఎస్ పెన్నును మొదటే పక్కన పెట్టవచ్చు. ఆర్వో నీటికి కొన్నది ఇంట్లో ఉన్నా, అది కరిగిన లవణాల మొత్తాన్నే తప్ప క్లోరిన్‌నూ పీహెచ్‌నూ చూపదు. పీహెచ్ పెన్ను పనికొస్తుంది గాని, పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణంతో తరచూ సరిచూసుకోకపోతే దాని అంకెను నమ్మలేము.

స్ట్రిప్పును ముంచి, డబ్బా మీది రంగులతో పోల్చుకుంటే నిమిషంలో పని ముగుస్తుంది. డబ్బా మూత సరిగా పెట్టకపోతే తేమకు పాడవుతుందన్నది చిన్న లోపమే. అసలు చిక్కు రంగుల మధ్య ఎడంలో ఉంది. చాలా స్ట్రిప్పులలో ఆల్కలినిటీ (పీహెచ్ ఇట్టే మారిపోకుండా ఆపే గుణం) గడులు 80 పీపీఎం తరువాత నేరుగా 120కి వెళతాయి. యాభై వేల లీటర్ల కొలనులో ఆ తేడాను పూరించాలంటే సుమారు 3.3 కిలోల వంటసోడా కావాలి. అంటే కంటి అంచనా ఒక గడి తప్పితే అంత సోడా వృథాగా నీటిలో పడుతుంది. పైగా అవి చూపేది సాధారణంగా కాల్షియం, మెగ్నీషియం కలిసిన మొత్తం కాఠిన్యం. బోరు నీటితో నింపే మన కొలనులకు, గోడలపై తెల్లని పొర కట్టే కాల్షియం ఎంతో విడిగా తెలియాలి.

చుక్కల కిట్లన్నీ ఒకటి కావు. పసుపు రంగునిచ్చే ఓటీవో అనే మందు చవక, కానీ అది మొత్తం క్లోరిన్‌నే చూపుతుంది కనుక, చెమట వంటి మురికితో క్లోరిన్ కలిసి ఏర్పడి కళ్లు మండించే క్లోరమైన్లు కూడా మంచి క్లోరిన్‌గానే లెక్కలోకి వస్తాయి. గులాబీ రంగునిచ్చే డీపీడీ అనే మందు ఫ్రీ క్లోరిన్‌ను విడదీసి చెబుతుంది. అయితే క్లోరిన్ మరీ ఎక్కువైనప్పుడు ఆ గులాబీ రంగే వెలిసిపోయి, నీటిలో క్లోరిన్ లేనట్లు కనిపిస్తుంది. అది చూసి మరింత క్లోరిన్ పోసేవారున్నారు. మందు పడగానే రంగు తళుక్కున మెరిసి మాయమైతే, నమూనాలో క్లోరిన్ లేని నీటిని సమపాళ్లలో కలిపి మళ్లీ చూడాలి.

ఈ తంటా లేనిది ఎఫ్ఏఎస్-డీపీడీ అనే మరో రకం చుక్కల కిట్. పది మిల్లీలీటర్ల నీటిలో పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది. అది పూర్తిగా పోయేదాకా చుక్కలు లెక్కపెట్టాలి, చుక్కకు 0.5 పీపీఎం. ఆరు చుక్కలకు రంగు పోతే క్లోరిన్ 3 పీపీఎం అన్నమాట. ఛాయలను పోల్చే పని లేదు కనుక ఎవరు చూసినా దాదాపు ఒకే లెక్క వస్తుంది. ధర ఎక్కువే అయినా నా ఓటు దీనికే. రోజువారీ చూపుకు స్ట్రిప్పు చాలు గాని, సోడా గాని యాసిడ్ గాని తూచి పోసే ముందు మాత్రం చుక్కలతోనే కొలవాలి. ఏ పరీక్షకైనా నమూనాను మోచేతి లోతు నుంచి, నీరు వచ్చి పడే రంధ్రానికి దూరంగా తీయాలి.