పశ్చిమ మసాచుసెట్స్‌లో నాలుగు చిన్న కాలేజీలు: ఏది ఎలా ఉందంటే

అమెరికా అంటే మనకి ఎమ్మెస్సే కాబట్టి ఇంటర్ అవగానే పిల్లల్ని పంపాలనుకునే వాళ్లకి కూడా ఆమ్‌హర్స్ట్, విలియమ్స్, స్మిత్, మౌంట్ హోల్యోక్ అనే ఈ డిగ్రీ కాలేజీల పేర్లు పెద్దగా తెలియవు.

నా ఓటు ఆమ్‌హర్స్ట్‌కే. దాదాపు రెండు వేల మంది విద్యార్థులు, ఫస్టియర్ సెమినార్ ఒకటీ మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) కావాల్సినవీ చదివితే మిగతావన్నీ మీ ఇష్టం. పైగా పక్కనున్న స్మిత్, మౌంట్ హోల్యోక్, యూమాస్ (మసాచుసెట్స్ యూనివర్సిటీ)లలో కూడా అదనపు ఫీజు లేకుండా క్లాసులు తీసుకోవచ్చు, బస్సులు తిరుగుతాయి.

విలియమ్స్‌లో అసలు సంగతి ట్యుటోరియల్. ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్, అంతే. ఒక వారం ఒకరు వ్యాసం రాసుకొచ్చి చదివితే రెండోవాళ్లు దాన్ని అక్కడే చీల్చి చెండాడాలి, మరుసటి వారం పాత్రలు తారుమారు. వెనక బెంచీలో దాక్కోవడం కుదరదు! కానీ ఊరు మరీ చిన్నది, కొండల మధ్య, చలికాలమంతా మంచు. బోస్టన్ వెళ్లాలంటే కారులో దాదాపు మూడు గంటలు.

స్మిత్ అమ్మాయిల కాలేజీ, అయినా ఇంజనీరింగ్ ఉంది, అంటే ఇంట్లో ఒప్పించడం తేలిక. నార్తాంప్టన్ ఊరు కూడా సందడిగా ఉంటుంది. మౌంట్ హోల్యోక్ (1837లో మొదలైంది) క్యాంపస్ అందమైనదే, ఊళ్లో మాత్రం కాలక్షేపం తక్కువ.

ఖర్చు ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. ఆమ్‌హర్స్ట్ మాత్రం విదేశీ విద్యార్థులకైనా ఆర్థిక సాయం అవసరమా లేదా అన్నది చూడకుండానే సీటు నిర్ణయిస్తుంది. అందుకే అక్కడ సీటు రావడం గగనం.