ఇంటి ఇన్సూరెన్స్ ఉంటే పునాదికి కూడా వర్తిస్తుందని అనుకోకండి

హైదరాబాద్ చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఇండిపెండెంట్ ఇల్లు చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు దయచేసి ఇది చదవండి. "ఇన్సూరెన్స్ ఉంది కదండీ, ఏదన్నా అయితే వాళ్లే చూసుకుంటారు" అన్న మాట నమ్మాను. ఇప్పుడు పునాది రిపేరుకు ఏడు లక్షలు నా జేబులోంచే పెట్టుకోవాల్సి వస్తోంది.

2022లో శంకర్‌పల్లి వైపు 120 గజాల్లో కట్టిన ఇల్లు కొన్నాం. హోమ్ లోన్ ఇచ్చేటప్పుడే పదేళ్ల ఇంటి బీమా తీయించి, ప్రీమియం లోన్‌లోనే కలిపేశారు. పాలసీ మెయిల్‌కి వచ్చింది. మొదటి పేజీ చూశాను. అగ్నిప్రమాదం, భూకంపం, వరద, తుపాను, భూమి కుంగడం... భూమి కుంగడం కూడా ఉందంటే ఇంకేం కావాలి అనుకుని ఫైల్ మూసేశాను. తర్వాతి పేజీలు చదవకపోవడమే నేను చేసిన తప్పు.

2024 వానాకాలంలో వంటింటి తలుపు పట్టేయడం మొదలైంది. చెక్క ఉబ్బిందేమోనని వడ్రంగితో చిత్రిక పట్టించాం. నెల తిరక్కముందే కిటికీ మూల నుంచి గోడ మీద మెట్లు మెట్లుగా బీట దిగింది. మేస్త్రీ వచ్చి, బీటకు అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి, రెండు కొసలూ ప్లాస్టర్‌తో అతికించి, పక్కనే పెన్సిల్‌తో తారీఖు రాశాడు. "ఇది పగలకుంటే పాత బీట సార్. పగిలిందంటే ఇల్లు ఇంకా కదులుతున్నట్టే" అన్నాడు. పదకొండో రోజు పొద్దున మా ఆవిడ పిలిచి చూపించింది. గాజు నడిమధ్యన చిట్లిపోయి ఉంది.

క్లెయిమ్ పెట్టాను. నష్టం చూడటానికి బీమా కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి మూల పిల్లర్ పక్కన గుంత తవ్వించాడు. మూడడుగుల దాకా మొరం, ఇటుక ముక్కలు, చిరిగిన సిమెంట్ సంచులు. దాని కింద నల్లరేగడి. ఫుటింగ్, అంటే పిల్లర్ కింద వేసే కాంక్రీటు అడుగు, గట్టి నేల దాకా పోనేలేదు. నల్లరేగడి సంగతి మనకు తెలిసిందే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చి దిగిపోతుంది. పైన ఉన్న ఇల్లు దాంతోపాటే లేస్తూ దిగుతూ ఉంటుంది. అలాంటి నేలలో లోతైన పునాది గానీ అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుగా దించి, అడుగున వెడల్పు చేసే కాంక్రీటు స్తంభాలు) గానీ వేయాలి. మా బిల్డర్ పైన మొరం పోసి చదును చేశాడు.

క్లెయిమ్ తిరస్కరిస్తూ వచ్చిన లెటర్‌లోని కారణాలు మీరు కొనేముందే తెలుసుకోవాలి. మాది భారత్ గృహ రక్ష పాలసీ. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన ప్రామాణిక పాలసీ ఇది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఇందులోని మూల షరతులు ఒకటే కాబట్టి, కంపెనీ మార్చినంత మాత్రాన ఈ సమస్య పోదు. నేల కుంగితే కవర్ ఉందని చెబుతూనే, దాని పక్కనే ఇవి వర్తించవని రాశారు: కొత్త కట్టడం సర్దుకోవడం వల్ల మామూలుగా వచ్చే బీటలు, పూడిక పోసిన నేల దిగడం లేదా కదలడం, తప్పు డిజైన్, నాసిరకం పని, నాసిరకం సామాను. కట్టడం, కూల్చడం, తవ్వకాల వల్ల నేల కుంగినా అంతే. అంటే పక్క ప్లాటులో సెల్లార్ తవ్వి మీ పునాది కదిలితే మీ బీమా రాదు, ఆ తవ్వినవాళ్ల మీద పోరాడాలి. హైదరాబాద్‌లో ఏ గల్లీలో చూసినా సెల్లార్ తవ్వుతూనే ఉంటారు కాబట్టి ఇది మరీ గుర్తుపెట్టుకోండి.

ఆ పాలసీ పనికిరానిదని అనడం లేదు. భూకంపం వచ్చినా, వరద ముంచినా, పైపు పగిలి నీళ్లు నిండినా అదే ఆదుకుంటుంది. కానీ బిల్డర్ చేసిన పాపానికి అది పూచీ పడదు.

రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడి మనం తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ 500 చదరపు మీటర్లు దాటని స్థలానికి, లేదా 8 యూనిట్లు మించని ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మా బిల్డర్ పక్కపక్కన కట్టింది నాలుగే ఇళ్లు. రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని కొనేటప్పుడు నాకు అడగాలనే తోచలేదు. మీరు అడగండి. లేదంటే, పునాది బాధ్యత 5 ఏళ్లు తనదేనని బిల్డర్ చేత అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి కొన్ని వేలు ఇచ్చి మూలన ఒక గుంత తవ్వించి చూడండి. బిల్డర్ ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయండి. అక్కడ ఇంతకుముందు కుంటో, క్వారీయో ఉండేదా అని ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, వాళ్లకు తెలిసే ఉంటుంది.

ఇప్పటికే బీటలు వచ్చినవాళ్లు వెంటనే సున్నం, పుట్టీ పెట్టి కప్పేయకండి. పక్కన స్కేలు పెట్టి, తారీఖు కనిపించేలా ఫొటోలు తీసి ఉంచండి. సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కాకపోతే ఏడాదిలోపే వెళ్లాలి. నేను గాజు ముక్క ఫొటోలతో సహా అన్నీ జతచేసి ఫిర్యాదు ఇచ్చాను. ఇంకా విచారణకు పిలవలేదు. ఈలోగా మేస్త్రీ అతికించిన రెండో గాజు కూడా పగిలింది.