యమహా ఎంజీ12ఎక్స్‌యూ మిక్సర్ రివ్యూ: ఫేడర్లు కాదు, పైన ఉన్న నాబులు చూడండి

మాది కందుకూరు వైపు పల్లె, మైకుసెట్టు పని. తిరునాళ్ల నాటకాలు, బుర్రకథలు, చర్చి మీటింగులు, పెళ్లిళ్లు, అన్నిటికీ ఇప్పుడు ఈ మిక్సరే (మైకుల సౌండ్లన్నీ కలిపి సరిచేసే పెట్టె) తీసుకుపోతన్నాం. యూట్యూబ్‌లో రివ్యూలన్నీ ఏసీ రూముల్లో గిటారు వాయించేవాళ్లు చేసినవే, ఊరి మధ్యలో పందిరేసి పద్యనాటకం ఆడితే ఇది ఎట్టా పనిచేస్తదో చెప్పినోళ్లు కనపళ్లా, అందుకే రాస్తన్నా.

ముందు ఒక మాట. పేరులో 12 ఉంది గదా అని 12 మైకులు పెట్టొచ్చు అనుకోబాకండి. నెల్లూరులో నేను కొన్న షాపాయన కూడా అట్టానే చెప్పాడు. మైకులకి ఉండేది 6 ఇన్‌పుట్లే. 1 నుంచి 4 మోనో ఛానళ్లు, అంటే ఒక్కోదానికి ఒక్కో మైకు, 5/6, 7/8 లో ఒక్కో మైకైనా పెట్టుకోవచ్చు, ఎడమ కుడి రెండు వైర్లతో వచ్చే స్టీరియో లైనైనా పెట్టుకోవచ్చు, మిగతా రెండు జతలు కీబోర్డుకో ల్యాప్‌టాప్‌కో అంతే. నాటకానికి స్టేజీ ముందు మూడు, హార్మోనియానికి ఒకటి, తబలాకి ఒకటి, అనౌన్స్‌మెంటుకి ఒకటి, సరిగ్గా సరిపోతది. ఏడో మైకు అడిగితే మాత్రం లేదు.

ఇక అసలు సంగతి. మనోళ్లు చాలామంది మిక్సర్ ముందు కూచుంటే కింద ఫేడర్లు, అంటే పైకీ కిందికీ జరిపే సౌండ్ బటన్లు, తోస్తా ఉంటారు, మైకు సౌండ్‌ని మొదట్లోనే పెంచే పైన ఉన్న గెయిన్ నాబు ఎప్పుడో ఎవరో పెట్టింది అట్టానే ఉంటది, సౌండ్ పగిలితే స్పీకర్ పోయిందంటారు. స్ట్రిప్పు, అంటే ఒక్కో ఛానల్‌కి నిలువుగా ఉండే నాబుల వరస, పై నుంచి కిందికి చూసుకుంటా రావాలి, అన్నిటికన్నా ముందు గెయిన్. అది ఎక్కువైతే సౌండ్ అక్కడే పగులుద్ది, తర్వాత ఫేడర్ ఎంత దించినా పగిలిన సౌండే చిన్నగా వినపడతది. తక్కువ పెట్టి ఫేడర్, మొత్తం సౌండ్‌కి ఉండే మాస్టర్ ఫేడర్ పైకి తోస్తే బుస్ అని హిస్ వస్తది. నేను ఆర్టిస్టుని "హలో మైక్ టెస్టింగ్" అననివ్వను, అన్నా ఒక పద్యం ఎత్తుకో, పై షడ్జం దాకా రాగం తియ్యి అంటా. ఎందుకంటే వచనం చెప్పే గొంతుకీ రాగం లాగే గొంతుకీ పొంతనుండదు, మాటకి పెట్టిన గెయిన్ రాగానికి పగులుద్ది. పీఎఫ్ఎల్ (ఫేడర్‌తో పనిలేకుండా ఆ ఛానల్ వినిపించే బటన్) నొక్కి హెడ్‌ఫోన్‌లో వింటా పెంచుకుంటా పోవాలి, పీక్ అనే ఎర్ర లైటు క్లిప్ అవడానికి, అంటే సౌండ్ పగలడానికి, 3 డీబీ (డెసిబెల్స్) ముందే వెలుగుద్ది, అది వెలిగిన కాడ నుంచి కాస్త వెనక్కి తిప్పి వదిలేయాలి. ఆ తర్వాత నాటకం అయ్యేదాకా గెయిన్ ముట్టుకోబాకండి, ఫేడర్‌తోనే నడపండి.

దాని దగ్గరే ప్యాడ్ బటన్ ఉంది, 26 డీబీ తగ్గిస్తది. డోలకు దగ్గరగా మైకు పెట్టినప్పుడు, గెయిన్ పూర్తిగా దించినా ఎర్ర లైటు ఆరకపోతే ఇది నొక్కాలి. పక్కన హెచ్‌పీఎఫ్ (హైపాస్ ఫిల్టర్) బటన్, 80 హెర్ట్జ్ కింద ఉండే లావు సౌండంతా తగ్గిస్తది. చెక్క పలకల స్టేజీ మీద భీముడు అడుగేస్తే దబ్ దబ్ అని వచ్చేదీ, చేలగాలి మైకులో కొట్టేదీ దీంతో చాలావరకు పోతాయి. గొంతు మైకులన్నిటికీ నొక్కేయండి, ఆలోచించబన్లే.

కంప్రెసర్ మొదటి 4 ఛానళ్లకే ఉంది, ఒకటే నాబు. సులువే, కానీ అది తిప్పేకొద్దీ పెద్ద గొంతుని నొక్కడంతో పాటు లెవెల్ కూడా పెంచతది, అందుకే స్టేజీ మైకుల్లో సగం దాటిస్తే మైకు కూయడం మొదలెడతది. నేను పావు వంతు దాటను.

ఈక్యూ, అంటే సన్న, నడిమి, లావు సౌండ్లని విడివిడిగా సరిచేసేది, మూడు నాబులు, హై 10 కిలోహెర్ట్జ్, మిడ్ 2.5 కిలోహెర్ట్జ్, లో 100 హెర్ట్జ్, ఒక్కోటి 15 డీబీ దాకా పెంచొచ్చు దించొచ్చు. మిడ్ ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీల్లేదు, నాకు ఇదొక్కటే నచ్చలా. హార్మోనియం గీగీ మంటే మిడ్ కొంచెం దించితే పద్యంలో మాట తేటగా వినపడతది, అది బాగుంది, కానీ కల్యాణ మండపాల్లో గుమ్మంటా వచ్చే సౌండ్ 300, 400 హెర్ట్జ్ దగ్గర ఉంటది, దానికి ఈ మూడు నాబులూ అందవు, ఎక్కువ ఫ్రీక్వెన్సీలకి విడివిడిగా బటన్లుండే గ్రాఫిక్ ఈక్యూ బయట పెట్టుకోవాల్సిందే.

ఆక్స్ నాబులు ఛానల్ సౌండ్‌ని విడిగా ఇంకో చోటికి పంపేవి. ఆక్స్ 1 స్టేజీ మానిటర్‌కి, అంటే ఆర్టిస్టు వైపు పెట్టే స్పీకర్‌కి, ప్రీ బటన్ నొక్కి పెట్టుకుంటే మనం ఫేడర్ కదిలించినా ఆర్టిస్టుకి వినపడేది మారదు. ఆక్స్ 2 లోపలుండే ఎఫెక్టులకి, 24 రకాలున్నాయి. మనకి కావాల్సింది ఈకో ఒక్కటే లెండి. పద్యానికి ఎంతైనా పెట్టండి, వచనం రాగానే దించాలి, లేకపోతే కృష్ణుడు చెప్పే మాట వెనక వరసలో ఒక్కడికీ అర్థం కాదు. ప్రసంగాలకి అసలే వద్దు, పాస్టరు గారు అడిగినా సరే.

సౌండ్‌ని ఎడమకో కుడికో తిప్పే ప్యాన్ నాబు నడిమధ్యలోనే ఉంచండి. మనం లెఫ్ట్ స్పీకర్ ఒక వీధికి, రైట్ ఇంకో వీధికి కడతాం గదా, ప్యాన్ తిప్పితే ఒక వీధికి హార్మోనియం ఉండదు. ఛానల్ ఆన్‌లో ఉన్నా సౌండ్ రాకపోతే సౌండ్‌ని మెయిన్ స్పీకర్లకి పంపే ఎస్‌టీ బటన్ నొక్కారో లేదో చూడండి, కంగారులో కేబుళ్లు పీకబాకండి.

48 వోల్టుల ఫాంటమ్, అంటే మైకు కేబుల్‌లోనే మైకుకి పోయే కరెంటు, అన్ని మైకులకీ కలిపి ఒకటే స్విచ్. ఆ కరెంటు కావాల్సిన కండెన్సర్ మైకు ఒక్కటున్నా ఆన్ చేయాలి, అది అక్కర్లేని మామూలు డైనమిక్ మైకులకి మంచి మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఉంటే ఏం కాదు, కానీ అది ఆన్‌లో ఉండగా మైకు పెట్టడం తీయడం చేయబాకండి, మాస్టర్ దించి ఆఫ్ చేసి అప్పుడు. కరెంటుకి బయట అడాప్టర్ ఉండదు, పవర్ సప్లై మిక్సర్ లోపలే ఉంటది, పవర్ కేబుల్ పెడితే చాలు, దాన్ని కుర్రాళ్లు తొక్కకుండా చూసుకోండి.

కొనేటప్పుడు ఒక మైకూ హెడ్‌ఫోనూ తీసుకుపోయి 6 మైకు ఇన్‌పుట్లూ పీఎఫ్ఎల్ నొక్కి విని, ప్రతి గెయిన్ నాబూ తిప్పి చూసి, గరగర లేకపోతేనే డబ్బులివ్వండి.